ఆలివ్ కోతకు తోడు వెళ్లేవాళ్లకు

ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో ఆలివ్ కోత అక్టోబర్‌లో మొదలై నవంబర్ దాకా నడుస్తుంది. తొలివాన పడి కాయ మీది దుమ్ము కడుక్కుపోయాక చేలో దిగడం అక్కడి రైతులకు అలవాటు. ఆ రోజుల్లో ఇజ్రాయెలీ కార్యకర్తలు, విదేశీ వాలంటీర్లు పాలస్తీనా రైతులకు తోడుగా చేలకు వెళ్తారు. పక్కన సాక్షులుంటే సెట్లర్ల (అక్కడ కాలనీలు కట్టుకుని ఉంటున్న ఇజ్రాయెలీల) దాడులు కొంతైనా తగ్గుతాయన్న ఆశతో మొదలైన పని ఇది. కొత్తవాళ్లు చాలామంది దీన్ని ధర్నా అనుకుని వస్తారు. కానే కాదు. సాయంత్రానికి కాయ గానుగకు చేరాలి. ఆ రోజుకు అదొక్కటే లక్ష్యం.

అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే భూమి చట్టం దగ్గరికి వెళ్లాలి. 1858 నాటి ఒట్టోమన్ (టర్కీ సామ్రాజ్యపు) భూచట్టం అక్కడ ఇంకా అమల్లో ఉంది. దాని ప్రకారం పదేళ్లు సాగు చేసినవాడికి హక్కు వస్తుంది. వరుసగా మూడేళ్లు బీడు పెడితే ఆ హక్కు పోవచ్చు. సెటిల్‌మెంట్ల (సెట్లర్ల కాలనీల) కోసం ప్రైవేటు భూమి తీసుకోవడం కుదరదని 1979లో ఎలోన్ మోరే కేసులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు అడ్డుపడింది. ఆ తర్వాత ప్రభుత్వం ఈ పాత చట్టాన్ని ఆధారం చేసుకుని లక్షల దునాముల్ని సర్కారు భూమిగా ప్రకటించింది. దునాము అంటే వెయ్యి చదరపు మీటర్లు, సుమారు పావు ఎకరం. పైగా 1968లోనే భూముల రిజిస్ట్రేషన్ ఆపేశారు కాబట్టి చాలామంది రైతుల దగ్గర పన్ను రసీదులు, సాగు ఆనవాళ్లు తప్ప వేరే ఆధారం ఉండదు. భయంతో చేనుకు వెళ్లని ప్రతి ఏడూ రేపు కోర్టులో రైతుకు ఎదురు సాక్ష్యం చెబుతుంది.

వెళ్లే ముందు చేను ఏ ప్రాంతంలో ఉందో చూసుకోవాలి. 1995 ఒప్పందం వెస్ట్ బ్యాంక్‌ను ఎ, బి, సి అని మూడు ముక్కలు చేసింది. సుమారు 60 శాతం ఉన్న సి పూర్తిగా ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉంది. పాలస్తీనా అథారిటీ చేతిలో ఉన్న ఎ ప్రాంతంలోకి ఇజ్రాయెల్ పౌరులు వెళ్లకూడదు, రోడ్డు మీద ఎర్రబోర్డులు ఉంటాయి. సెటిల్‌మెంట్లకు ఆనుకుని ఉన్న చేలకైతే సైన్యంతో ముందే సమన్వయం, అంటే ఏ రోజుల్లో చేలోకి వెళ్లవచ్చన్న ఏర్పాటు, కుదరాలి. అది ఏడాదికి రెండుసార్లు, దున్నకానికి, కోతకు, కొద్దిరోజులు మాత్రమే ఇస్తారు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడి జరిగాక ఆ రోజులు చాలాచోట్ల రద్దయ్యాయి. రిజర్వు దళాల్లో సెట్లర్లు కూడా యూనిఫాంలో తిరగడం మొదలైంది. ఎదురుగా ఉన్నది డ్యూటీలో ఉన్న సైనికుడా, పక్క కొండ మీది సెట్లరా అన్నది చూడగానే తెలియదు. యూనిఫాంలో ఎవరు ఆపినా పేరు, యూనిట్ మర్యాదగా అడగాలి.

వెంట తీసుకెళ్లేవి: అసలు గుర్తింపు కార్డు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ, మూసి ఉండే బూట్లు, నిండా ఛార్జి ఉన్న ఫోన్, పవర్ బ్యాంకు, కళ్లు కడుక్కోవడానికి సెలైన్, గాయాలకు బ్యాండేజీ. చాకు అసలు వద్దు. కొమ్మలు నరికే రంపం ఉంటే చేను యజమాని చేతిలోనే ఉండాలి, మీ సంచిలో దొరికితే అరెస్టుకు సాకు అవుతుంది. కారును చేను గట్టు దాకా తీసుకెళ్లకుండా పెద్దరోడ్డుకు దగ్గరగా, ముక్కు రోడ్డు వైపు తిప్పి పెట్టాలి. టైర్లు కోయడం, కార్లకు నిప్పు పెట్టడం అక్కడ తరచూ జరిగేవే.

ఇక కోత. చెట్టు చుట్టూ టార్పాలిన్ పట్టాలు పరిచి, ఏటవాలు మెట్టచేలో కిందివైపు అంచు రాళ్లతో ఎత్తి కట్టాలి, లేకపోతే కాయంతా దొర్లి కింది మడిలో పడుతుంది. చేత్తో గానీ చిన్న ప్లాస్టిక్ పళ్ల దువ్వెనతో గానీ కొమ్మను పైనుంచి కిందికి దువ్వాలి. కర్రతో బాదితే పని త్వరగానే అవుతుంది. కానీ ఆలివ్ కాపు పట్టేది నిరుడు పెరిగిన లేత రెమ్మ మీద. ఈ ఏడు రెమ్మ విరిగితే వచ్చే ఏడు కాపు పోయినట్టే. ఎలాగూ ఏడాది విడిచి ఏడాది బాగా కాసే చెట్టు, దానికి ఈ దెబ్బ కూడా తోడైతే కోలుకోవడం కష్టం. దాడి భయం ఉన్న చేలో తొందర తప్పదు, అయినా బాదాలా దువ్వాలా అన్నది రైతు చెప్పినట్టే చేయాలి. కాయను గోనెల్లో కుక్కకూడదు, లోపల వేడెక్కి పులుస్తుంది, నూనెలో ఆమ్లత పెరుగుతుంది. గాలాడే ప్లాస్టిక్ ట్రేలలో నీడన పెట్టి, 24 గంటల్లో గానుగకు చేర్చాలి. రకాన్ని బట్టి నాలుగు నుంచి ఆరు కిలోల కాయకు కిలో నూనె వస్తుంది. అక్కడ నూనె అమ్మేది 16 కిలోల డబ్బా లెక్కన, అంటే డబ్బాకు దాదాపు 80 కిలోల కాయ కావాలి. గంట సేపు పని ఆగితే ఎంత పోతుందో ఈ లెక్కతో అర్థమవుతుంది.

పని ఆగేది చాలావరకు ఒక కాగితం వల్ల. ఇది సైన్యం మూసేసిన ప్రాంతం, వెళ్లిపొమ్మని అధికారి అంటాడు. నోటిమాట చాలదు, రాతలో ఉన్న ఉత్తర్వు చూపమనాలి. అందులో చూడవలసినవి నాలుగు: కమాండర్ సంతకం, తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, మ్యాపు. ఫోన్‌లో చూపిస్తే ఆ తెరనే ఫోటో తీసుకోవాలి. మనం నిలబడిన చేను మ్యాపు గీతకు లోపల ఉందా బయట ఉందా అన్నది అసలు సంగతి. వాలంటీర్లను మాత్రమే పొమ్మంటే గీత దాటి నిలబడి చూస్తూ ఉండాలి, రైతు కుటుంబం కోత సాగిస్తుంది. దాడి భయం ఉందన్న కారణంతో రైతును తన చేలోంచి తరిమేయడం తప్పు, రైతుకు రక్షణ ఇవ్వడమే సైన్యం పని అని సుప్రీంకోర్టు 2006లో మొరార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు ప్రింటు ఒకటి హీబ్రూలో దగ్గర పెట్టుకోండి. మాట్లాడటానికి హీబ్రూ వచ్చిన ఒక్కరే ముందుకు వెళ్లాలి, మిగతా చేతులు చెట్టు మీదే ఉండాలి. పదిమంది చుట్టూ మూగి వాదిస్తే పోయేది కోత సమయమే.

ఉండాలా వెళ్లాలా అన్నది తేల్చేది రైతు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. అదే చేలో అరెస్టయితే ఇజ్రాయెలీకి పౌర చట్టం వర్తిస్తుంది, 24 గంటల్లో జడ్జి ముందుకు వెళ్తాడు. పాలస్తీనా రైతుకు సైనిక చట్టం, సైనిక కోర్టు, భద్రతా నేరమంటే 96 గంటల దాకా జడ్జి మొహమే చూడకపోవచ్చు. ఇజ్రాయెల్‌లో పనికి వెళ్లే పర్మిట్ ఆయనకు ఉంటే అదీ పోవచ్చు. మన ధైర్యానికి మూల్యం ఆయన కట్టే పరిస్థితి తేకూడదు.

దాడి జరిగితే ఒకరు ముసలివాళ్లను, పిల్లల్ని కిందికి దింపాలి, ఒకరు 100కు పోలీసులకు ఫోన్ చేయాలి, ఇద్దరు వేర్వేరు చోట్ల నిలబడి వీడియో తీయాలి. ఫోన్ అడ్డంగా పట్టి తేదీ, సమయం, చేను పేరు పైకి చెప్పి మొదలుపెట్టండి. మొదట వెడల్పుగా, కొండ మీది నీళ్లట్యాంకు లాంటి గుర్తు కనిపించేలా, తర్వాత మొహాలు, చేతులు, బండి నంబరు. మధ్యలో ఆపితే ముందు ఎవరు కొట్టారన్నది తేలదు. అసలు ఫైలును కత్తిరించకుండా దాచాలి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. ఊరి కుర్రాళ్ల మొహాలు కనిపించే వీడియోలు సోషల్ మీడియాలో పెట్టొద్దు, అవే వాళ్ల మీద కేసుకు పనికొస్తాయి.

ఫిర్యాదు ఇవ్వడం ఇంకో రోజు పని. అరియేల్ లాంటి చోట్ల పోలీస్ స్టేషన్ సెటిల్‌మెంట్ లోపలే ఉంటుంది. పాలస్తీనా రైతు తనంతట తాను లోపలికి వెళ్లలేడు, గేటు దగ్గర గంటలు కాస్తాడు. తోడు వెళ్లి, ఫిర్యాదు నంబరున్న కాగితం చేతికొచ్చాకే కదలండి. 2005 నుంచి ఈ ఫైళ్లను వెంబడిస్తున్న ఇజ్రాయెలీ మానవ హక్కుల సంస్థ యెష్ దిన్ లెక్క ప్రకారం 90 శాతానికి పైగా ఛార్జిషీటు లేకుండానే మూతపడుతున్నాయి. అయినా ఇవ్వాలి. ఫిర్యాదు లేని దాడి రికార్డులో లేనట్టే, రికార్డు లేకుండా సుప్రీంకోర్టు దాకా పిటిషన్ వెళ్లదు.

కోతకు బస్సుల నిండా జనం వస్తారు. కోత అయ్యాక వసంతంలో వచ్చే దున్నకానికి మాత్రం పదిమంది దొరకడం కష్టం. అప్పుడు కెమెరాలు ఉండవు, ట్రాక్టర్‌ను ఆపినా జప్తు చేసినా చూసేవాడు ఉండడు. సాగు రుజువుకు దున్నిన నాగటిచాలు కూడా కోత ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. ఏడాదిలో ఒక్క రోజే ఇవ్వగలిగితే, ఆ రోజు దున్నకానికి ఇవ్వండి.