గుంటూరు నుంచి కొడైకెనాల్ దాకా: ఆకాశం కోసం కారు ప్రయాణం, ఇప్పటివరకు అయిన పని

ఖగోళ శాస్త్రంతోనో రాకెట్లతోనో సంబంధం ఉన్న చోట్లన్నీ కారులో తిరిగి చూడాలని పెట్టుకున్న పని సగం దాటింది. మచిలీపట్నం, గుంటూరు, శ్రీహరికోట, కావలూరు, ఊటీ, కొడైకెనాల్ అయిపోయాయి. వనపర్తి, రంగాపూర్, విశాఖ మిగిలాయి. అన్నీ ఒకే విడతలో కాదు, సెలవు దొరికినప్పుడల్లా ఒక ముక్క. కారు బావది, డ్రైవింగ్ ఇద్దరం మార్చుకుంటాం.

బయల్దేరే ముందే ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఒక చోటికి వెళ్తే అక్కడ ఎవరు ఏం చూశారో, ఏం కొలిచారో, మన దగ్గరున్న సామానుతో ఎంతో కొంత మనమూ అది చేసి రావాలి. అందుకే సామాను కొంచెం ఎక్కువ: 10×50 బైనాక్యులర్స్, ట్రైపాడ్, 70 ఎంఎం టెలిస్కోపు, దాని ముందు వైపు తొడిగే సోలార్ ఫిల్టర్, ఎర్ర టార్చి, చేతిలో పట్టే గ్రేటింగ్ స్పెక్ట్రోస్కోప్ (సన్నటి గీతలు గీసిన పలకతో వెలుతురును రంగులుగా విడదీసి చూపేది). ఇవిగాక జామెట్రీ బాక్సులోని కోణమానిని ఒకటి, దానికి దారంతో వేలాడదీసిన ఇనప నట్టు. ఆగిన ప్రతి ఊళ్ళో రాత్రి ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో దీంతో కొలిచి నోటుబుక్కులో రాస్తున్నాం. కోణమానిని అంచు వెంబడి నక్షత్రాన్ని ఒకరు చూడాలి, దారం ఎక్కడ ఆగిందో ఇంకొకరు ఎర్ర టార్చి వేసి చదవాలి. గాలి ఉంటే దారం ఊగుతుంది కాబట్టి కారు పక్కన చాటుగా నిలబడి ఐదారు సార్లు చదివి సగటు తీసుకోవాలి. అర డిగ్రీ అటూ ఇటూగా వస్తుంది. ఆ ఎత్తే ఆ ఊరి అక్షాంశం. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి 0.6 డిగ్రీల పైచిలుకు పక్కగా ఉండి దాని చుట్టూ చిన్న వలయం తిరుగుతుంది, కాబట్టి ఏ టైముకు కొలిచామో కూడా పక్కనే రాసుకోవాలి.

గుంటూరు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మజిలీ ఇదే, చూడడానికి కట్టడం ఏమీ లేకపోయినా. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ మన జిల్లాల మీదుగా పోయింది. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ పట్టుకుని గుంటూరు వచ్చాడు, బ్రిటిష్ వాళ్ళ తరఫున టెనెంట్ బృందం కూడా ఇక్కడే దిగింది, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా మూసిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచు మీద ఎగసిన ఎర్రటి జ్వాలల్ని స్పెక్ట్రోస్కోపులో చూస్తే మెరిసే గీతలు కనిపించాయి, అంటే అవి వేడికి వెలుగుతున్న వాయువులన్న మాట. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చు కదా అని జాన్సెన్‌కు తట్టింది, మర్నాడు పొద్దున్నే గుంటూరులోనే చూశాడు కూడా. అప్పటిదాకా ఆ జ్వాలలు చూడాలంటే ఎక్కడో గ్రహణం పట్టేదాకా ఆగి ఓడెక్కి వెళ్ళాల్సిందే, ఆ అవసరం ఒక్క రోజులో తీరిపోయింది.

హీలియం గుంటూరులో కనిపెట్టారని చాలామంది రాస్తారు. అది అంత సూటి కథ కాదు. ఒక్కో మూలకానికీ తనవైన గీతలుంటాయి. గ్రహణంలో కనిపించిన పసుపు గీతను ఎక్కువమంది సోడియం గీతే అనుకున్నారు. అది సోడియం గీతలతో సరిగ్గా కలవడం లేదన్న అనుమానం మచిలీపట్నంలో పోగ్సన్‌కు వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ నుంచి ఇంగ్లండ్‌లో నార్మన్ లాక్యర్ గ్రహణం లేకుండానే ఆ గీత చోటును కొలిచి, సోడియంది కాదని తేల్చాడు. అదే హీలియం గీత. భూమి మీద హీలియం దొరికింది 1895లో, రామ్సే చేతిలో. గుంటూరు వాటా దీనిలో చాలా పెద్దదే, ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఏమీ తగ్గదు.

మరి మేం చేసిందేమిటి? పగలు స్పెక్ట్రోస్కోపును సూర్యుడికి దూరంగా, వెలుతురున్న ఆకాశం వైపు తిప్పి చూశాం (సూర్యుడి వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకూడదు). వెలుతురు లోపలికొచ్చే చీలికను సన్నగా చేసేకొద్దీ పసుపు రంగులో నల్లటి గీత ఒకటి తేలింది, అది సోడియం జంట, ఈ చిన్న పరికరంలో రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. తర్వాత ఫిజిక్స్ చెప్పే స్నేహితుడు ఒకరు వాళ్ళ డిగ్రీ కాలేజీ ల్యాబులో సాయంత్రం స్పెక్ట్రోమీటర్ పెట్టించాడు. అంగుళానికి 15,000 గీతలుండే మామూలు గ్రేటింగే. ముందు సోడియం లాంపు, తర్వాత టేబుల్ కదపకుండా హీలియం ట్యూబు. సోడియం గీతల్లో హీలియం గీతకు దగ్గరదాని తరంగదైర్ఘ్యం 589.0 నానోమీటర్లు, హీలియందేమో 587.6. వెర్నియర్ (కోణం చదివే స్కేలు) మీద ఆ తేడా 3 నిమిషాలు, అంటే డిగ్రీలో ఇరవయ్యో వంతు. క్రాస్‌వైరును ఒక గీత మీంచి ఇంకో గీత మీదికి జరపడానికి స్క్రూ తిప్పుతుంటే, తిప్పినట్టే ఉండదు. గ్రహణం హడావుడిలో, గుడారంలో నిలబడి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ ఈ తేడా పసిగట్టడం ఎంత కష్టమో నాకు అప్పుడే అర్థమైంది. డిగ్రీ చదువులో ఈ ప్రయోగం చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్కసారి హీలియం ట్యూబుతో మళ్ళీ చేసి చూడండి.

ధ్రువ నక్షత్రం: 16.5 డిగ్రీలు.

మచిలీపట్నంలో సముద్రం దాకా వెళ్ళి, పోగ్సన్ ఈ ఊళ్ళోనే చూశాడనుకుని వచ్చేశాం, మబ్బు వల్ల కొలతలేవీ కుదరలేదు.

శ్రీహరికోట

ప్రయోగం చూడాలంటే తేదీ ప్రకటించగానే ఇస్రో సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి, సీట్లు త్వరగా అయిపోతాయి. ఐడీ కార్డు ఒరిజినల్ తీసుకెళ్ళండి. ప్రయోగాలు వాయిదా పడుతుంటాయి, కాబట్టి వెనక రెండు రోజులు ఖాళీ ఉంచుకుని బయల్దేరడం మంచిది. గ్యాలరీలో టోపీ, నీళ్ళు తప్పనిసరి. సూళ్ళూరుపేట నుంచి దీవికి వెళ్ళే రోడ్డుకు రెండు వైపులా పులికాట్ సరస్సే, శీతాకాలమైతే ఫ్లెమింగోల కోసం అరగంట అదనంగా పెట్టుకోండి.

ఇక్కడ మొదటి రాకెట్ లేచింది 1971లో, చిన్న రోహిణి సౌండింగ్ రాకెట్. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఉపగ్రహాలు మోసే రాకెట్ల లెక్కలో నూరో ప్రయోగం 2025 జనవరి 29న జరిగింది. చోటు ఎంచుకోవడానికి కారణం మ్యాపు చూస్తే తెలిసిపోతుంది: తూర్పున అంతా సముద్రం, పైగా ఈ అక్షాంశంలో భూమి తిరగడం వల్ల రాకెట్‌కు తూర్పు దిక్కుగా సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఊరికే వస్తుంది. దక్షిణానికి, అంటే ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు పంపాలంటే మాత్రం దారిలో శ్రీలంక ఉంది, అందుకని పీఎస్ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా పోయి తర్వాత దక్షిణానికి వంగుతుంది. ఆ వంపుకే ఇంధనం ఖర్చవుతుంది. తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర కొత్త కేంద్రం కడుతున్నది చిన్న రాకెట్లకు ఈ ఖర్చు తప్పించడానికే.

ఇక్కడ మా కొలత చప్పుడు. మంట కనిపించగానే స్టాప్‌వాచ్ నొక్కాలి, ఉరుము చెవికి తగలగానే ఆపాలి, వచ్చిన సెకన్లను 3తో భాగిస్తే కిలోమీటర్లు. మ్యాపులో కొలిచిన దూరానికి దగ్గరగానే వచ్చింది. ఈ పని చేసేవాళ్ళు ఫొటోలు పెట్టుకోకూడదు, రెండూ కుదరవు. వీడియో తీసే మనిషి ముందే ఆకాశం మీద ఎక్స్‌పోజర్ లాక్ చేసుకోకపోతే మంట వెలుగుకు అంతా తెల్లగా వచ్చేస్తుంది. చప్పుడు మొదలయ్యాక అది చెవులకన్నా ముందు ఛాతీలో తెలుస్తుంది, అప్పటికే రాకెట్ తలెత్తి చూసే ఎత్తులో ఉంటుంది.

ధ్రువ నక్షత్రం (సూళ్ళూరుపేటలో): 13.5.

కావలూరు

తిరుపతి, చిత్తూరు, వేలూరు మీదుగా వాణియంబాడి, అక్కడి నుంచి ఆలంగాయం, ఆపైన కొండ దారి. వైను బప్పు అబ్జర్వేటరీ తమిళనాడులోని జవ్వాది కొండల్లో 700 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. సందర్శకులను అనుమతించే రోజులు, వేళలు ఐఐఏ (భారత ఖగోళ భౌతిక సంస్థ) సైట్‌లో చూసుకుని వెళ్ళాలి, మేం శనివారం వెళ్ళాం. అమావాస్యకు దగ్గరి శనివారం పడాలి, వానలు ఉండకూడదు, రెండూ కలిసేది జనవరి నుంచి మార్చి లోపే. పంచాంగం ముందు పెట్టుకుని తేదీ ఖాయం చేశాం. చీకటి పడ్డాక అబ్జర్వేటరీ దగ్గర హెడ్‌లైట్లు డిమ్‌లోనే ఉంచండి.

వైను బప్పు హైదరాబాద్‌లో పెరిగిన మనిషి. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. 1949లో హార్వర్డ్‌లో ఉండగా ఆయన పట్టుకున్న తోకచుక్కకు ఆయన పేరు కూడా ఉంది. కావలూరును వెతికి, ఎంచి, నిలబెట్టింది ఆయనే. ఇక్కడి 2.3 మీటర్ల టెలిస్కోపు అద్దాన్ని మన దేశంలోనే అరగదీసి తీర్చారు. అది పూర్తి కాకముందే 1982లో ఆయన పోయారు, 1986 జనవరిలో ప్రారంభించినప్పుడు దానికి ఆయన పేరు పెట్టారు. డోము కింద నిలబడి ఆ ఉక్కు చట్రాన్ని చూస్తున్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. అంత పని చేసినవాడు అందులోంచి ఒక్క రాత్రి కూడా చూడలేదు.

ఇంత దక్షిణంగా ఎందుకు? 12.6 డిగ్రీల అక్షాంశంలో దక్షిణపు ఆకాశం చాలా భాగం దొరుకుతుంది. ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుచ్ఛం ఇక్కడ 30 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది, హైదరాబాద్‌లో 25, ఢిల్లీలో 14. ఐదు డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ దిగంతం దగ్గరి మసకలో ఆ ఐదు డిగ్రీలే ముఖ్యం. సాయంత్రం అబ్జర్వేటరీ చూశాక, రాత్రి కొండల్లో బస చేసిన చోట మేడ మీద ట్రైపాడ్ వేశాం. అగస్త్య నక్షత్రం ముందే దక్షిణంలో ఉంది. పెద్ద మెజెల్లానిక్ మేఘం (మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ) 8 డిగ్రీల ఎత్తు మించదు, చెట్ల పైన ఏదో మసకగా ఉందనిపించింది, చూశామని మాత్రం లాగ్‌లో రాయలేదు. అర్ధరాత్రి దాటాక త్రిశంకు (దక్షిణ శిలువ నక్షత్రాలు) లేచింది. తెల్లవారుజామున బైనాక్యులర్స్‌లో ఒమేగా సెంటారీ దొరికింది, బూడిదరంగు దూదిపింజలా గుండ్రంగా, మిగతా నక్షత్రాల్లా చుక్క కాకుండా. అందులో దాదాపు కోటి నక్షత్రాలు. బావ కళ్ళకు పెట్టుకుని చాలాసేపు ఇవ్వలేదు. "బావా, ఇంక దించు, నేనూ చూడాలి" అంటే "కొండ వెనక్కి పోయేలోపు ఇస్తాలే" అన్నాడు.

రాత్రంతా మేలుకున్నాక పొద్దున్నే ఘాట్ దిగకండి. మధ్యాహ్నం దాకా పడుకుని బయల్దేరాం.

ధ్రువ నక్షత్రం: 12.5.

ఊటీ, కొడైకెనాల్

ఊటీ రేడియో టెలిస్కోపు గురించి చదివే ఉన్నా, ముత్తొరై దగ్గర కళ్ళతో చూస్తేగానీ తలకెక్కలేదు. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, ఉత్తర దక్షిణాలుగా కొండవాలు మీద పడుకోబెట్టిన, నిలువునా చీల్చిన గొట్టం లాంటి ఆకారం. ఆ వాలు 11 డిగ్రీలు. ఊటీ అక్షాంశమూ 11 డిగ్రీలే. అంటే టెలిస్కోపు ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది, కాబట్టి ఆ ఒక్క ఇరుసు మీద తిప్పితే చాలు, ఆకాశంలో ఒక వస్తువును గంటలకొద్దీ వెంబడించవచ్చు. గోవింద్ స్వరూప్ బృందం సరిగ్గా ఆ వాలున్న కొండను వెతికి పట్టుకుని 1970కల్లా దీన్ని నడిపించింది. మేం ఊరూరా దారంతో కొలుస్తున్న కోణాన్నే వాళ్ళు అర కిలోమీటరు ఉక్కుతో కట్టారు. రాత్రి మా కొలత 11.5 వచ్చింది. లోపలికి వెళ్ళాలంటే ముందే రాసి అనుమతి తీసుకోండి, దగ్గరికి వెళ్తే ఫోన్లు ఆపేయండి.

కొడైకెనాల్ సౌర అబ్జర్వేటరీ 1899 నాటిది. సూర్యుడి మచ్చల్లో వాయువు మధ్య నుంచి బయటికి ప్రవహిస్తుందని 1909లో జాన్ ఎవర్షెడ్ కనిపెట్టింది ఇక్కడే. సొరంగం టెలిస్కోపు వేసే సూర్యబింబం 34 సెంటీమీటర్లు ఉంటుంది. మేం మా 70 ఎంఎంతో ఫిల్టర్ పెట్టి మచ్చల బొమ్మ గీసుకున్నాం. 1904 నుంచి ఇక్కడ తీసిన సూర్యుడి ఫొటోలు ఐఐఏ వాళ్ళు డిజిటైజ్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, మీకు కావలసిన తేదీ వెతికి చూసుకోవచ్చు.

ధ్రువ నక్షత్రం ఇక్కడ 10. గుంటూరుకూ దీనికీ తేడా 6.5 డిగ్రీలు, మ్యాపు మీద ఉత్తర దక్షిణ దూరం సుమారు 675 కిలోమీటర్లు. లెక్కేస్తే భూమి చుట్టుకొలత 37,400 కిలోమీటర్లు వచ్చింది. అసలుది 40,000. దారానికీ నట్టుకూ ఇది నాకు చాలా సంతోషం.

మిగిలినవి

వనపర్తి: 1868 గ్రహణానికే మద్రాసు అబ్జర్వేటరీ నుంచి చింతామణి రఘునాథాచారి ఇక్కడికి వచ్చారు. అంతకు ముందు ఏడాది రెటిక్యులం రాశిలో ఒక చర నక్షత్రాన్ని (వెలుగు మారుతూ ఉండేదాన్ని) గుర్తించిన మనిషి. రంగాపూర్: ఉస్మానియా వాళ్ళ 48 అంగుళాల టెలిస్కోపు, 1980 ఫిబ్రవరి 16 గ్రహణాన్ని చూసిన చోటు. ఈ రెంటికీ కలిపి మా కొలతగా ఆల్గాల్ అనే చర నక్షత్రాన్ని పెట్టుకున్నాం. రెండు రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి అది మసకబారుతుంది, పక్క నక్షత్రాలతో పోల్చి కంటితోనే అంచనా వేయవచ్చు. కనిష్ఠం రాత్రిపూట పడే తేదీలు నవంబర్, డిసెంబర్‌లలో వెతుకుతున్నాం.

విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టారు, ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874లో శుక్ర సంక్రమణాన్ని అక్కడి నుంచే చూశారు. శుక్రుడు మళ్ళీ సూర్యుడి మీదుగా వెళ్ళేది 2117లో, అది మనకు అందదు. బుధుడు మాత్రం 2032 నవంబర్ 13న మధ్యాహ్నం పన్నెండు దాటినప్పటి నుంచి నాలుగున్నర దాకా వెళ్తాడు, మన దగ్గర మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తుంది. బుధుడి చుక్క చాలా చిన్నది, గ్రహణం కళ్ళద్దాలతో కనబడదు, ఫిల్టర్ ఉన్న టెలిస్కోపులో కనీసం 50 రెట్లు పెంచి చూడాలి. ఆ రోజు విశాఖలో ఉండాలని ఇప్పుడే అనుకున్నాం. తుపాన్ల నెల కాబట్టి రెండు మూడు రోజుల ముందే వాతావరణం చూసుకుని, మబ్బుంటే కారు ఏ వైపు తిప్పాలో అప్పుడు నిర్ణయిస్తాం.