గోడ మీద పెన్సిల్ గీతలు

హ్యూస్టన్‌లో నా రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలవుతుంది. ఏడున్నరకి మెడ మీద కోత పడాలంటే, ఆరుంపావుకల్లా నేను నరాల సిగ్నళ్లు చూసే మెషీన్ తోసుకుంటూ ఆసుపత్రిలో ఉండాలి. పేషెంటుతో మాట్లాడటానికి నాకు దొరికేది అయిదు నిమిషాలు. ఏ చెయ్యి మొద్దుబారింది, పాదం పైకి లేపగలరా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, పేస్‌మేకర్ ఉందా అని అడుగుతాను. మీరు నిద్రలో ఉన్నంతసేపూ మీ నరాలు పనిచేస్తున్నాయో లేదో చూస్తూ ఉండేది నేనే అని చెప్తాను. అప్పుడు చాలామంది నా చెయ్యి పట్టుకుంటారు. మత్తులోకి వెళ్లాక తల మీద, భుజాల్లో, బొటనవేలి కండలో, కాళ్లలో, పాదాల్లో సన్నటి సూదులు గుచ్చుతాను. ముప్పై దాకా ఉంటాయి. ఆపరేషన్ అయ్యాక లెక్కపెట్టి తీస్తాను. పేషెంటు కళ్లు తెరిచి, సర్జన్ చెప్పినట్టు కాళ్లూ చేతులూ కదిపితే నా పని అయిపోయినట్టే. మళ్లీ ఆ మనిషిని చూడను. తొమ్మిదేళ్లలో ఒక్కరినీ చూడలేదు.

మాది విశాఖపట్నం, గాజువాక. నాన్న స్టీల్ ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. అమ్మాయి అమెరికాలో ఏం చేస్తోందని వీధిలో ఎవరైనా అడిగితే, "మెడ ఆపరేషన్లప్పుడు నరాలకి కాపలా కాస్తాది" అని చెప్పేవాడు. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

కాపలా రెండు దారుల మీద ఉంటుంది. ఒకటి కింద నుంచి పైకి వెళ్లే దారి. మణికట్టు దగ్గరా చీలమండ దగ్గరా నరానికి చిన్న కరెంటు ఇస్తే, అది వెన్నుపాము గుండా మెదడుకి చేరుతుంది. చేతిదైతే సుమారు 20 మిల్లీసెకన్లలో, కాలిదైతే 37 దగ్గర తల మీద సిగ్నల్ కనిపిస్తుంది. అది ఎంత చిన్నదంటే మెదడు సొంత అలజడిలో మునిగిపోతుంది. వందలసార్లు ఇచ్చి సగటు తీస్తేగానీ పైకి తేలదు. దాని ఎత్తు సగానికి పడినా, పది శాతం ఆలస్యంగా వచ్చినా సర్జన్‌కి చెప్పాలి. రెండోది పై నుంచి కిందికి వచ్చే దారి, మా భాషలో మోటార్. తల మీద క్షణంలో వెయ్యో వంతు కూడా ఉండని కరెంటు దెబ్బలు వరసగా నాలుగైదు, వందల వోల్టులతో ఇస్తాం. కాలి బొటనవేలు ఉలిక్కిపడితే దారి తెరిచి ఉన్నట్టు. నాలుక తెగకుండా పళ్ల మధ్య గుడ్డ ఉండలు పెడతాం. ఈ దారి చూడాలంటే కండరాలని బిగుసుకోనీకుండా చేసే మందు ఇవ్వకూడదు, మత్తు గ్యాసు తగ్గించి నరంలోకి ఇచ్చే మందుతో నడపాలి. అందుకే మత్తు డాక్టరు ఒప్పుకోకపోతే నా పని లేదు.

పుర్రె పైనుంచే మెదడుని ఇలా తట్టి కండరాన్ని కదిలించవచ్చని 1980లో ఇంగ్లండులో మెర్టన్, మోర్టన్ చూపించారు. అంతకుముందు ఈ దారి చూడాలంటే, 1973లో ఫ్రాన్సులో స్టాన్యారా బృందం చెప్పిన పద్ధతి వాడేవాళ్లు. వెన్ను ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి, పేషెంటుని లేపి, "పాదాలు కదుపు" అని అడిగేవాళ్లు. దాని గురించి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడేళ్ల కిందట ఒక పెద్దాయనకి మెడ వెనక నుంచి ఆపరేషన్. వెల్లకిలా ఉన్నప్పుడు రెండు చేతులూ రెండు కాళ్లూ సిగ్నళ్లు ఇచ్చాయి. బోర్లా తిప్పి, తలని క్లాంపులో బిగించాక మళ్లీ కరెంటు ఇచ్చాను. చేతులు వచ్చాయి, కాళ్లు రాలేదు. సూదులు చూశాను. వోల్టేజీ పెంచాను. ఇంకోసారి ఇచ్చాను. స్క్రీన్ మీద రెండు గీతలూ అలాగే చదునుగా ఉన్నాయి. "రెండు కాళ్ల మోటార్ పోయింది" అన్నాను. గదిలో పాటలు ఆపేశారు. సగటు బీపీ 61 మాత్రమే ఉంది. మత్తు డాక్టరు దాన్ని 90కి తీసుకెళ్లింది, సర్జన్ క్లాంపు వదులు చేసి మెడ వంపు మార్చాడు. నాలుగో నిమిషంలో ఎడమ పాదం గీత మీద చిన్న గుట్ట లేచింది. ఇంకాసేపటికి కుడిది. ఆయన లేచాక రెండు పాదాలూ కదిపాడు, నేను మెషీన్ తోసుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోయాను. ఇప్పుడాయన ఎలా నడుస్తున్నాడో తెలియదు.

నాన్న సంగతి వీడియో కాల్‌లో బయటపడింది. వరండాలోంచి లోపలికి వస్తూంటే కుడికాలి చెప్పు జారిపోయింది. ఆయనకి తెలియలేదు. రెండడుగులు వేశాక అమ్మ చెప్తే వంగి చూసుకున్నాడు. "ఏటీ లేదమ్మా, సుగరు వల్ల తిమ్మిర్లు" అన్నాడు. ఏడాదిగా ఒక డాక్టరు సుగరు తిమ్మిర్లకే బిళ్లలు రాస్తున్నాడట. చొక్కా గుండీలు అమ్మ పెడుతోందట. బ్యాంకులో సంతకం కలవట్లేదని రెండుసార్లు తిప్పి పంపారట. ఇవన్నీ ఒక్కొక్కటిగా, ఎందుకూ పనికిరాని విషయాల్లా చెప్పారు. నాకు చేతులు చల్లబడ్డాయి. "నాన్నా, పిడికిలి మూసి తెరువు, పది సెకన్లు, ఎంత వేగంగా వీలైతే అంత" అన్నాను. ఇరవైకి పైన రావాలి. పదకొండు వచ్చాయి.

మెడ ఎమ్మారైలో వెన్నుపాము మూడు చోట్ల నొక్కుకుపోయి ఉంది, మధ్యలో తెల్లటి మచ్చ. మెడ నొప్పి లేదు కాబట్టి ఎవరూ మెడ వైపు చూడలేదు. మన దగ్గర ఈ వయసులో తిమ్మిరి అంటే సుగరు, కాళ్లు తూలితే నడుం. నడుం ఎమ్మారైలో ఏదో ఒకటి కనిపిస్తుంది కూడా, దాంతో వెతకడం ఆగిపోతుంది. వేళ్లకి పట్టు తప్పడం, నడక తూలడం రెండూ కలిసి వస్తే మెడ చూపించండి. ఈ ఒక్క మాట కోసమే అయినా నేనిది రాసేదాన్ని. నలిగిన వెన్నుపాముకి ఆలస్యం అయ్యేకొద్దీ తిరిగొచ్చేది తగ్గిపోతుంది.

మూడు వారాల సెలవు మీద విశాఖ వచ్చాను. నగరంలోనే ఆపరేషన్. 1970ల్లో జపాన్‌లో హిరబయాషి మొదలుపెట్టిన పద్ధతి. వెన్నెముక వెనక గోడని ఒక పక్క కోసి, రెండో పక్కని బందులా ఉంచి, తలుపులా తెరుస్తారు. నలుగుతున్న వెన్నుపాముకి చోటు దొరుకుతుంది. మానిటరింగ్ పెట్టమని ముందే అడిగాను, సర్జన్ వెంటనే సరేనన్నారు. తన మెషీన్‌తో వచ్చిన కుర్రాడిది శ్రీకాకుళం. "అక్కా, మీరు బయటే ఉండండి. నేను చూసుకుంటాను" అన్నాడు. నాలుగు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. రోజూ లోపలుండే నాకు బయట గంట ఎంత పొడుగో అప్పుడే తెలిసింది. అయ్యాక అతను గీతలు తెచ్చి చూపించాడు. "ఎడమ పాదం మొదట్లో బాగా తక్కువుందక్కా. తలుపు తెరిచాక చూడండి, పెరిగింది." నిజంగానే పెరిగింది. అతని చెయ్యి పట్టుకున్నాను.

మూడో రోజు పొద్దున్న అమ్మ ఇడ్లీ పళ్లెం ఇచ్చింది. నాన్న వేళ్లు ముక్కని తుంచాయి, గట్టిగానే పట్టుకున్నాయి. చెయ్యి నోటిదాకా రాలేదు. కుడి భుజం లేవనే లేదు. ఆయన ముక్కనీ నన్నూ చూశాడు.

ఇది సీ5, మెడలోంచి భుజానికి వెళ్లే అయిదో నరం. ఇలాంటి ఆపరేషన్ల తరవాత వందలో సుమారు అయిదుగురికి భుజం ఇలా పడిపోతుంది. ఒక్కోసారి సిగ్నళ్లన్నీ సరిగ్గా ఉండి, పేషెంటు బాగా లేచి, రెండు మూడు రోజులకి వస్తుంది. చోటు దొరికిన వెన్నుపాము వెనక్కి జరిగితే పొట్టిగా ఉండే ఆ నరం లాగుకుంటుందని ఒక వాదన. ఎక్కువమందికి నెలల్లో తిరిగొస్తుంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అమ్మ అడిగింది: "నువ్వు కాసే కాపలా ఇదే కదా. మరి ఇదెలా జరిగిందే?" కాపలా థియేటర్ తలుపు దాకానే అమ్మా, అని చెప్పాను. ఆ మాట చెప్తూంటే తొమ్మిదేళ్లుగా నేను వదిలేసి వచ్చిన వాళ్లంతా గుర్తొచ్చారు. వాళ్లలో ఎంతమందికి మూడో రోజు పళ్లెం ముందు ఇలా అయిందో.

సెలవు అయిపోయి, భుజం లేవని నాన్నని వదిలి విమానం ఎక్కాను. దాని గురించి ఎక్కువ రాయలేను.

రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేసేదాన్ని. అక్కడ పొద్దున్న ఏడు. నవంబరులో ఇక్కడ గడియారం వెనక్కి తిప్పాక ఏడున్నరకి. నాన్న హాల్లో గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లతో గోడ మీద పాకుతూ చెయ్యి పైకి తీసుకెళ్లాలి. ఆగిన చోట అమ్మ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసేది. మొదటి నెల గీతలన్నీ ఛాతీ దగ్గరే, ఒకదాని మీద ఒకటి. "గోడ పాడవుతోందే" అనేది అమ్మ, గీస్తూనే. రెండో నెలలో స్విచ్చుబోర్డు దాటాడు. నాలుగో నెలలో ఒక వారం కిందికి జారింది, ఆ వారం ఆయన మాట్లాడలేదు. అయిదో నెలలో సింహాద్రి అప్పన్న క్యాలెండర్ అందుకుని కాగితం తిప్పాడు. కాళ్లు తూలడం చాలా తగ్గింది. తమ్ముడు పొద్దున్నే బీచ్ రోడ్డుకి తీసుకెళ్తే, చేతికర్ర పట్టుకుని చాలా దూరమే నడుస్తాడు. పిడికిళ్లు పదిహేడు దగ్గర ఆగాయి. అరచేతుల మంట రాత్రిళ్లు ఇంకా ఉంది.

ఇప్పుడు నేను ప్రతి కేసు అయిన నెలకి సర్జన్ దగ్గరి నర్సుని, ఆయన ఎలా ఉన్నాడు, ఆవిడ నడుస్తోందా అని అడుగుతున్నాను. మొదట్లో ఆమె వింతగా చూసింది. ఇప్పుడు నేను అడక్కముందే చెప్తోంది.

సంతకం మాత్రం పాతది తిరిగి రాలేదు. అక్షరాలు పెద్దవై, చివర గీత కిందికి జారుతోంది. పోయిన నెల నాన్న బ్యాంకుకి వెళ్లి కొత్త సంతకం కార్డు తీసుకున్నాడు. కౌంటరు దగ్గర నిలబడే, ఎవరి సాయమూ లేకుండా మూడుసార్లు పెట్టాడట. మూడూ ఒకేలా ఉన్నాయని తమ్ముడు ఫొటో పంపాడు.