కిహా 47 పైకప్పు మీద మసి

నిన్న రాత్రి ఒంటిగంటన్నర దాటాక నా మోడల్ రైలు కిహా 47 పైకప్పు మీద మసి కుదిరింది. కిహా 47 అంటే జపాన్‌లోని ఒక పాత డీజిల్ రైలు. ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ మసిలా లేదు, నల్ల రంగు పూసినట్టు ఉంది, ప్రతిసారీ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి తుడవాలనిపించలేదు. టేబుల్ లైటు కింద పెట్టి, తల అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగు సెంటీమీటర్ల ప్లాస్టిక్ పెట్టె మీద గోరంత మరక కోసం మూడు వారాలు ఎందుకు పట్టిందో ఎవరికైనా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ఉద్యోగం కోసం జపాన్ వచ్చిన మొదటి ఏడాదే నేను మోడల్ రైళ్లు కొనడం మొదలుపెట్టాను. మొదటిది 0 సిరీస్ షింకాన్‌సెన్, 1964 అక్టోబర్ 1న టోక్యో, షిన్ ఒసాకా మధ్య మొదలైన ఆ తెల్లటి, నీలం చారల గుండ్రటి ముక్కు రైలు. గదిలో నేల మీద పట్టాలు పరిచి గుండ్రంగా తిప్పాను. ఇక్కడి వాళ్లు దీన్ని ఒజాషికి ఉన్‌తెన్ అంటారు, అంటే గదిలో చాపల మీద నడిపించడం. చిన్న ఇళ్లలో ఉండే వాళ్లకి వేరే దారి లేదు, సాయంత్రం పరిచి రాత్రికి తీసేయాల్సిందే. బాగానే ఉండేది. ఆ తరువాత నీలం రంగు స్లీపర్ రైలు, యమనోతె లైన్ 103 సిరీస్, ఇలా ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. పుస్తకాల్లా నిలబెట్టే ప్లాస్టిక్ పెట్టెల్లో ఇస్తారు కాబట్టి అల్మరాలో వరసగా సర్దుకుంటే చూడముచ్చటగా ఉంటాయి. కానీ కొన్నాళ్లకి నాకు ఒకటి అర్థమైంది. వాటిలో సగం రైళ్లు నేను ఎప్పుడూ ఎక్కలేదు. దగ్గరనుంచి చూడను కూడా లేదు. పెట్టె తెరిచి, నడిపి, మళ్లీ పెట్టేయడం తప్ప వాటితో నాకు ఇంకో పని లేదు.

అది మారింది తోయామా వెళ్లినప్పుడు. తకఓకా నుంచి హిమి వరకు ఒక చిన్న లైన్ ఉంది, మొత్తం 16.5 కిలోమీటర్లు. చలికాలం, పట్టాల పక్కన మంచు, రెండు పెట్టెల పాత డీజిల్ రైలు. కదిలేటప్పుడు ఇంజన్ చాలా గట్టిగా రొద పెట్టింది, రైలు మాత్రం నింపాదిగా కదిలింది. అమహరాషి దగ్గర పట్టాలు సముద్రం అంచునే వెళ్తాయి, ఆకాశం తేటగా ఉంటే తోయామా అఖాతం అవతల తతెయామా కొండలు మంచుతో తెల్లగా కనిపిస్తాయి. ఆ రోజు కనిపించాయి. అందరూ సముద్రం వైపు కిటికీల దగ్గరికి వెళ్లారు. నేనూ వెళ్లాను, కానీ తిరుగు రైలు కోసం ఎదురుచూస్తూ స్టేషన్లో పట్టాలు దాటే వంతెన మీద నిలబడినప్పుడు కింద ఆగి ఉన్న ఆ రైలు పైకప్పు మీదే నా చూపు ఆగిపోయింది. పొగగొట్టం మూతి చుట్టూ మసి, ఎరుపు ఎక్కడ వెలిసిందో, ఎక్కడ తుప్పు కారిందో అన్నీ స్పష్టంగా కనిపించాయి. ఫోన్లో ఓ ముప్పై ఫోటోలు తీశాను. ఆ రైలే కిహా 47.

పేరు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే జపాన్ రైళ్ల పేర్లు ఒకసారి అర్థమైతే మళ్లీ మర్చిపోరు. కి అంటే కిదోషా, డీజిల్‌తో తనంతట తను నడిచే పెట్టె. హ అంటే మామూలు తరగతి. మనకి అ ఆ ఇ ఈ ఉన్నట్టు జపాన్ వాళ్లకి ఇ రొ హ అనే పాత వరస ఉంది, అందులో మూడోది హ, ఒకప్పటి మూడో తరగతి. కరెంటు రైళ్లలో కు ఉంటే డ్రైవర్ గది ఉన్నట్టు, మొ ఉంటే మోటారు ఉన్నట్టు. కుమొహ అని చదవగానే డ్రైవర్ గది, మోటారు, మామూలు సీట్లు అని తెలిసిపోతుంది. ఇక 40, 47, 48 అన్నీ ఒకే కుటుంబం. 1977 నుంచి 1982 వరకు పాత ప్రభుత్వ రైల్వే సంస్థ వీటిని 888 కట్టించింది. కిహా 40కి రెండు వైపులా డ్రైవర్ గది ఉంటుంది, ఒంటరిగా తిరగగలదు. 47కి ఒక వైపే, అందుకే జంటగా కనిపిస్తాయి. ఒళ్లు బరువు, తయారైనప్పుడు ఇంజన్ 220 హార్స్‌పవర్ మాత్రమే, ఎత్తు ఎక్కేటప్పుడు పడే పాట్లకి ఈ రైలు పేరుపడింది. నేను చూసిన ఆ ఎరుపు రంగుని అధికారికంగా షుఇరో 5 గో, అంటే సింధూర వర్ణం నంబర్ 5 అంటారు. అభిమానులు మాత్రం తరాకో అంటారు, అది ఉప్పులో ఊరబెట్టిన చేప గుడ్ల పేరు. ప్లేట్లో ఆ గుడ్లు చూసినవాళ్లకి ఆ పేరు ఎందుకో వెంటనే తెలుస్తుంది.

ఆ నెలలోనే ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో టోమిక్స్ అనే మోడల్ రైళ్ల కంపెనీ వాళ్ల కిహా 47 జంట దొరికింది, 7,000 యెన్‌లు. అదే షాపులో జంక్ డబ్బాలోంచి మోటారు లేని ఇంకో పెట్టె 1,500కి తీసుకున్నాను. జంక్ అంటే పనిచేస్తుందని హామీ లేనివి, ఒక చక్రం లేనివి, అద్దం ఊడినవి. రంగులు ప్రయత్నించడానికి, విప్పి చూడటానికి ఇంతకంటే మంచి దారి లేదు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లు ఖరీదైన దాని మీద కత్తి పెట్టకుండా ముందు ఒక జంక్ కొనుక్కోండి, టెన్షన్ ఉండదు.

కొలతల దగ్గర ఒక చిక్కు ఉంది, అది నాకు ఈ హాబీలో చాలా ఇష్టమైన విషయం కూడా. నా మోడళ్లన్నీ ఎన్ గేజ్ అనే కొలతవి, అంటే పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. షింకాన్‌సెన్ నడిచేది 1,435 మిల్లీమీటర్ల పట్టాల మీద, దాన్ని 160 వంతులు చేస్తే దాదాపు సరిగ్గా 9 వస్తుంది. అందుకే షింకాన్‌సెన్ మోడళ్లు 1/160. కానీ జపాన్‌లో మిగతా లైన్లలో ఎక్కువ భాగం 1,067 మిల్లీమీటర్లవి, మన మీటర్ గేజ్ కంటే కొంచెమే వెడల్పు. ఆ రైళ్లని కూడా 160కి కుదిస్తే మరీ చిన్నవైపోతాయని 1/150 పెట్టుకున్నారు. 1965లో కాటో కంపెనీ సీ50 ఆవిరి ఇంజన్‌తో జపాన్‌లో ఎన్ గేజ్ మొదలుపెట్టింది, 1976లో టోమిక్స్ వచ్చింది, ఈ లెక్క అలాగే నిలిచిపోయింది. ఫలితం ఏమిటంటే 1/150లో పట్టాలు నిజానికి 7.1 మిల్లీమీటర్లే ఉండాలి. మనం 9 మీద నడుపుతున్నాం. ముందు నుంచి చూస్తే చక్రాలు దూరంగా, కాళ్లు వంకరగా పెట్టి నడిచినట్టు ఉంటుంది, జపనీస్‌లో దీన్ని గనిమత అంటారు. మార్చడం అసాధ్యం కాదు, కానీ చక్రాలు, పట్టాలు అన్నీ చేత్తో చేసుకోవాలి. నేను ఆ జోలికి వెళ్లలేదు. పక్క నుంచి చూసినప్పుడు రైలు నిజంగా అనిపిస్తే నాకు చాలు, కాబట్టి పక్క నుంచి కనిపించేవన్నీ సరిచేయాలని పెట్టుకున్నాను.

మొదట కప్లర్, అంటే రెండు పెట్టెల్ని కలిపే కొక్కెం. నేను తెచ్చుకున్న జంటకి ఆర్నాల్డ్ కప్లర్ ఉంది, పెద్ద కొక్కెంలా ఉంటుంది, రెండు పెట్టెల మధ్య చాలా ఖాళీ వదులుతుంది. మోడల్లో ఒక సెంటీమీటర్ అంటే అసలు రైల్లో మీటరున్నర, దూకితే కానీ అందనంత దూరం. దాని బదులు పెట్టె అడుగుకే బిగించే టీఎన్ కప్లర్ వేశాను. ఖాళీ బాగా తగ్గింది. రెండిటికీ కలిపి పావుగంట పని, కానీ మొత్తం పనిలో కంటికి వెంటనే తెలిసిన మార్పు ఇదే. (బోగీ అంటే మనం పెట్టె అనుకుంటాం కానీ మోడల్ వాళ్ల భాషలో అది కింద చక్రాలున్న చట్రం. ఈ కొక్కెం మొదట ఆ చట్రానికే ఉండేది.)

తరువాత లోపలి లైట్లు. పట్టాల్లో వచ్చేది 12 వోల్టుల డీసీ, దిశ మారిస్తే ప్లస్ మైనస్ తారుమారవుతాయి. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం వాటంతట అవే మారేది ఇందువల్లే. కానీ సీట్ల మీది లైటు రెండు దిశల్లోనూ వెలగాలి కాబట్టి మధ్యలో కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకే దిశలో పంపే చిన్న బ్రిడ్జ్ డయోడ్ పెట్టాలి, పట్టాల మీద దుమ్ముకి లైటు మినుకుమినుకుమనకుండా ఒక కెపాసిటర్ కలపాలి. టేప్ ఎల్‌ఈడీ ముక్క, డయోడ్, కెపాసిటర్ అన్నీ అతికించి, బల్బు రంగు పసుపు బాగుంటుందని అదే వేశాను. చీకట్లో నడిపి చూస్తే కిటికీలతో పాటు పెట్టె ఒళ్లంతా ఎర్రగా వెలిగింది. ప్లాస్టిక్ పలచన, వెలుతురు గోడల్లోంచే బయటికి వచ్చేస్తోంది. మళ్లీ అంతా విప్పి, లోపల ముందు నలుపు, దాని మీద వెండి రంగు వేశాను. నలుపు వెలుతురుని ఆపుతుంది, వెండి రంగు లోపలికి తిప్పి కొడుతుంది. ఆ పనికి రెండు రాత్రులు. రంగు కూడా పసుపు తీసేసి తెలుపు వేశాను, ఎందుకంటే నేను ఎక్కిన రైల్లో ఉన్నవి ట్యూబ్‌లైట్లు, నా ఫోటోల్లో స్పష్టంగా ఉన్నాయి.

ఇక్కడే ఒక కిటికీ పోగొట్టుకున్నాను. వైరు నిలబడటానికి చుక్క ఇన్‌స్టంట్ జిగురు పెట్టి వెంటనే పైకప్పు మూసేశాను. తెల్లారి చూస్తే పక్కనున్న అద్దం మీద తెల్లటి పొర. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద అలా పేరుకుంటుంది, మూసిన చోట ఇంకా ఎక్కువ. తుడిస్తే పోలేదు, పాలిష్ చేస్తే కొంత పోయింది కానీ గీతలు పడ్డాయి. చివరికి జంక్ పెట్టె అద్దం తీసి వేశాను. అప్పటి నుంచి అద్దాల దగ్గర ఆ జిగురు వాడటం మానేశాను.

నంబర్లకి ఇన్‌రెటా, అంటే రుద్ది అతికించే అక్షరాలు. ఇవి చాలా చిన్నవి, ఊపిరి బిగబట్టి చేయాలి, వంకరగా పడితే సెల్లోటేప్‌తో తీసి మళ్లీ పెట్టాలి. పెట్టాక పైన క్లియర్ కోటు కొట్టకపోతే వేలు తగిలి ఊడిపోతాయి. నేను ఫోటోలో ఉన్న నంబర్లే వేశాను. నాకు తెలిసినవాళ్లలో చాలామంది వచ్చిన షీట్‌లో తోచిన నంబరు వేస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ నేను చేస్తున్నది ఒక మోడల్ కాదు, ఆ రోజు నేను ఎక్కిన రైలు.

ఇక మసి. వెదరింగ్ అంటే కొత్త మోడల్‌కి ఎండ, వాన, దుమ్ము తగిలిన రూపం తేవడం. ముందు మొత్తం మీద మ్యాట్ క్లియర్, అంటే మెరుపు లేని పారదర్శక పూత కొట్టాలి, లేకపోతే మసి కోసం అద్దే రంగు పొడి నిలవదు. కింది భాగం తేలిక. బ్రేకు వేసినప్పుడు ఇనుప ముక్క అరిగి లేచే పొడి వల్ల చక్రాలు, అడుగున పెట్టెలు అన్నీ ఒకే రకం తుప్పు గోధుమ రంగుకి వచ్చేస్తాయి, పలచటి వెదరింగ్ రంగు పూసి పైనుంచి కిందికి తుడిస్తే సరిపోతుంది. పైకప్పు అలా కాదు. మొదటిసారి పొగగొట్టం నుంచి వెనక్కి తోకలా మసి లాగాను, పొగ వెనక్కే కదా వెళ్లేది అనుకుని. చాలా బాగుందనుకున్నాను కూడా. తరువాత నా ఫోటో పెద్దది చేసి చూస్తే రెండు వైపులా ఉంది. నిజమే కదా, ఈ రైలు హిమి వెళ్లి తిరగకుండానే వెనక్కి వస్తుంది, రోజంతా అటూ ఇటూ. మసి కూడా అటు కొంత, ఇటు కొంత. రెండోసారి రెండు వైపులా సమానంగా వేశాను, అది గీసిన బొమ్మలా వచ్చింది. మూడోసారి మరీ నల్లగా అయింది. మళ్లీ ఫోటో చూశాను. మధ్యలో దట్టంగా ఉంది, అంచుల వైపు వాన కడిగేసి చారలుగా కిందికి దిగింది, తరువాత అమర్చిన ఏసీ పెట్టె అడ్డం ఉన్న చోట దాని ముందు పేరుకుని వెనక ఖాళీగా ఉంది. అసలు అది నలుపే కాదు, నలుపులో గోధుమ కలిసిన రంగు. నాలుగోసారి బ్రష్‌తో నలుపు, గోధుమ పొడి కలిపి కొంచెం కొంచెంగా అద్ది, తడి కాటన్ బడ్‌తో అంచుల నుంచి కిందికి లాగాను. మసి వేయడం కంటే వాన కురిపించడమే ఎక్కువ పని అయింది.

ఇంతకుముందు స్టేషన్లో రైలు వస్తే ఏ సిరీస్, ఏ రంగు అని మాత్రమే చూసేవాణ్ని. ఇప్పుడు కళ్లు పైకప్పుకీ, బోగీలకీ, తలుపు అంచుల్లో ఎండిన నీటి చారలకీ వెళ్తున్నాయి. అల్మరాలో ఉన్న 103ని కూడా మొన్న బయటికి తీసి మళ్లీ చూశాను, అది అంత కొత్తగా మెరుస్తూ ఉండటం నాకు ఇప్పుడు నచ్చడం లేదు. కానీ దాన్ని ముట్టుకోను, నేను దాన్ని నడిచే రోజుల్లో యమనోతె లైన్‌లో చూడలేదు కాబట్టి.

పోయిన ఆదివారం మసి లేకుండానే ఈ జంటని రెంటల్ లేఅవుట్‌కి తీసుకెళ్లాను. గంట లెక్కన డబ్బులు కట్టి అక్కడి పెద్ద పట్టాల మీద మన రైలు మనం నడుపుకోవచ్చు. పక్క లైన్లో ఒక పెద్దాయన పదహారు పెట్టెల షింకాన్‌సెన్ నడుపుతున్నారు, రెండున్నర మీటర్ల పొడవు, చాలా దర్జాగా వెళ్తోంది. నాది రెండు పెట్టెలు. కంట్రోలర్‌ని బాగా తగ్గించి, చాలా నెమ్మదిగా కదిలించాను, ఆ రోజు కదిలినట్టు. ఆయన తన రైలు స్టేషన్లో ఆపి, వంగి చూసి, హిమి లైనా అని అడిగారు. అవునన్నాను. పైకప్పు ఇంకా అవ్వలేదు కదా అన్నారు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. ఈలోగా పైకప్పు మీద పల్చగా ఒక కోటు మ్యాట్ క్లియర్ కొట్టాలి, కొడితే పొడి రంగు కొంచెం తగ్గుతుంది, ఎంత తగ్గుతుందో ముందు జంక్ పెట్టె మీద చూస్తాను.