పద్మ పట్టికలు పారేయకండి

యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షరాల కోడ్ పద్ధతి) స్థిరపడకముందు తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటీ ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెర నిండా పిచ్చి గుర్తులే. అప్పట్లో మనల్ని ఆదుకున్నది ‘పద్మ’. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము (యాడాన్) అది; పాత ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడాన్లన్నిటినీ ఆపేసింది. పద్మ ఆ తరహాలో రాసిందే.

నా దృష్టిలో దాని అసలు విలువ లోపలి పట్టికల్లో ఉంది. ఏ ఫాంటులో ఏ కోడ్ ఏ అక్షరమో ఎంతో ఓపిగ్గా కూర్చి పెట్టారు. పాత ఫాంట్లలో అక్షరం ఒక ముక్క, తలకట్టు ఇంకో ముక్క, వత్తు మరో ముక్క. వరస కూడా వేరే! ‘క్రీ’ రాయాలంటే కొన్నిట్లో క్రావడి ముందే పడుతుంది. యూనికోడ్‌లో క, పొల్లు, ర, ఆ తర్వాతే గుడిదీర్ఘం. ఇది తెలియకుండా కన్వర్టర్ రాస్తే వత్తులన్నీ పక్క అక్షరానికి అంటుకుంటాయి.

ఈమధ్య ఒక మిత్రుడు వాళ్ల నాన్నగారి పాత వ్యాసాల ఫైళ్లు పంపాడు. ఆ పట్టికల పుణ్యమా అని చాలావరకు చదవగలిగాం. అందుకే నా దగ్గరున్న ప్రతి పట్టిక పక్కనా ఫాంటు పేరు, వెర్షను, ఒక నమూనా వాక్యం రాసి పెడుతున్నాను. మీ పాత సీడీల్లో ఫాంటు ఫైళ్లుంటే పేరు మార్చకుండా కాపీ తీసి పెట్టండి, దయచేసి.