కిడ్నీ చుట్టూ చీము: పైపు పెట్టించి తీయించేదాకా

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు చలిజ్వరం అంటే ముందు మలేరియా అనుకుంటారు. మా చిన్నాన్నకు రక్తపరీక్షలో అది లేదని తేలాక, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. సరైన మందు నాలుగైదు రోజులు పడ్డాకా జ్వరం దిగక, నడుముకు ఒక పక్కే నొప్పి ఉంటే, లోపల చీము చేరిందేమో చూడాల్సిందే. నర్సు పని చేసేదాన్ని కాబట్టి, ఆయన కుడికాలు తిన్నగా చాపలేకపోవడం చూసి నాకు అనుమానం గట్టిపడింది. కిడ్నీ వెనక, నడుము నుంచి తొడదాకా ఉండే సోయాస్ కండరానికి చీము తగిలితే అలా అవుతుంది. మూత్రపరీక్ష బాగుందన్న ధీమా వద్దు. చీము కిడ్నీ బయటి కొవ్వులో ఉన్నప్పుడు మూత్రంలో ఏమీ కనబడకపోవచ్చు.

ఆయనకు షుగరుంది, మూత్రనాళంలో రాయీ అడ్డుపడింది. రాయి వెనక నిలిచిన మూత్రంలో ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి బాక్టీరియా పెరిగి కిడ్నీ పొర దాటి వస్తాయి. ఒంటిమీది సెగ్గడ్డ నుంచి రక్తంలో పడి స్టాఫ్ (స్టెఫైలోకాకస్) అనే బాక్టీరియా అక్కడికి చేరడమూ ఉంది. ఈమధ్య కురుపులు లేచాయా అని డాక్టరు అడిగేది అందుకే.

అల్ట్రాసౌండ్‌లో పేగుల్లోని గ్యాసు అడ్డొచ్చి సరిగా తేలలేదు. బరంపురంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి, రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ సీటీ స్కాన్ తీశారు. కిడ్నీ దెబ్బతిని ఉంటే మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఆపాల్సి రావచ్చు, షుగరు మాత్రల చీటీ వెంట ఉండాలి. ఆరు సెంటీమీటర్ల గడ్డ, చుట్టూ మెరిసే అంచు కనిపించాయి. మూడు సెంటీమీటర్లలోపు గడ్డలు కొన్ని మందుతోనే కరుగుతాయి. ఇంత పెద్దదైతే చీముకు దారి చూపాలి.

రక్తం సరిగా గడ్డకడుతుందో లేదో తెలిపే ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ పరీక్షలు చూశాకే పైపు పెడతారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. నడుము పక్కన మత్తు సూది వేసి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 12 ఫ్రెంచ్ (సుమారు 4 మి.మీ. లావు) పిగ్‌టెయిల్, అంటే లోపలి కొస చుట్టుకుని ఉండే పైపు పెట్టారు. చీము చిక్కగా ఉంటే సన్నపైపు పూడుకుపోతుంది. తొలి చీమును ఏ క్రిమి ఉందో, ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్‌కు, మన దగ్గర టీబీ పరీక్షకు కూడా పంపించాలి.

ఆ తర్వాత అసలు పని పైపుదే. ఎనిమిది గంటలకోసారి 10 మి.లీ. సెలైన్ ఆ పైపులోకి మెల్లగా ఎక్కించాలి. గట్టిగా ఉంటే బలవంతంగా నెట్టకూడదు. సంచిలోకి వచ్చినదాంట్లోంచి ఎక్కించిన సెలైన్ కొలత తీసేస్తే మిగిలిందే చీము లెక్క. సంచి నడుముకన్నా కిందే ఉండాలి. వార్డులో ఒడియాలో చెప్పేది ఆంధ్రలోని పాతపట్నం నుంచి వచ్చిన మా పిన్నికి అర్థం కాదు. అందుకే రోజువారీ లెక్క ఆమె చేత తెలుగులోనే రాయించాను. చీము ఒక్కసారిగా ఆగి, జ్వరం ఉంటే పైపు మడతపడిందనో పూడిందనో అర్థం. తగ్గిపోయిందని సంబరపడకూడదు. నీళ్లలాంటిది ఎక్కువగా వస్తుంటే మూత్రం కారుతుందేమో, ఆ ద్రవంలో క్రియాటినిన్ చూడమని అడగండి. రోజుకు 10 మి.లీ. లోపుకు దిగి, జ్వరం పోయి, మళ్లీ స్కాన్‌లో ఖాళీ అని తేలాకే పైపు తీశారు.

రాయి అడ్డున్నా మూత్రం కిందికి దిగడానికి డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా లోపలే ఉండే సన్నని గొట్టం) కూడా వేశారు. ఇన్ఫెక్షన్ పూర్తిగా పోయాకే రాయి తీస్తారు. స్టెంట్ మాత్రం లోపల మరిచిపోతే దానిమీదే రాళ్లు కడతాయి. మామూలుగా మూడు నెలల్లోపు తీయాలో మార్చాలో తేల్చాలి. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ రాయించుకోండి.