ఇన్‌బాక్స్‌లో దాటేయాల్సినవే ఎక్కువ

చూపున్నవాళ్లు ఇన్‌బాక్స్ తెరిచి పైనుంచి కిందికి ఒకసారి కళ్లు తిప్పుతారు. ఏది మేనేజర్ పంపింది, ఏది ప్రకటన, ఏది అందరికీ పంపే సర్క్యులర్ అన్నది అంతలోనే తెలిసిపోతుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. ఒకటి అయ్యాకే ఇంకొకటి. అందుకే నాలాంటివాళ్లు మెయిల్ చూసుకోవాలంటే ముందు ఏది వినకుండా దాటేయాలో తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లో ఉద్యోగంలో చేరాక అసలు పని నేర్చుకోవడం కన్నా దీనికే నాకు ఎక్కువ టైం పట్టింది.

మాది తణుకు. నా భార్య నర్సు. తనకి ఇక్కడ ఉద్యోగం రావడంతో నేను డిపెండెంట్ వీసా మీద బ్రాడ్‌ఫర్డ్ వచ్చాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. వచ్చిన కొన్నాళ్లకి లీడ్స్‌లో ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో, అంటే తక్కువ అద్దెకి ఇళ్లిచ్చే సంస్థలో, ఫిర్యాదులు చూసే పని దొరికింది. బాయిలర్ ఆగిపోయింది, పైకప్పు కారుతోంది, గోడకి బూజు పట్టింది, ఇలాంటివి. ఫోన్ చేసేవాళ్లూ ఉంటారు గానీ యార్క్‌షైర్ యాస మొదట్లో నాకు అంతుబట్టేది కాదు. నా ఇంగ్లీషు వాళ్లకీ అంతే. మెయిల్‌లో ఆ గొడవ లేదు. తెర మీదున్నది పైకి చదివే స్క్రీన్ రీడర్ అందరినీ ఒకే గొంతుతో చదివి పెడుతుంది.

కంప్యూటర్ మీద ఈ పని నాకు ఇండియాలోనే అలవాటు. ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని కుర్రాళ్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే నేను విండోస్ నేర్చుకున్నాను. ఫోన్ మీద మెయిల్ మాత్రం ఇక్కడికొచ్చాకే గట్టిగా పట్టుబడింది. ఐఫోన్‌కి వాయిస్‌ఓవర్ అనే సొంత స్క్రీన్ రీడర్ 2009లో 3జీఎస్ మోడల్‌తో వచ్చింది. బటన్లే లేని నున్నటి గాజు పలకని చూపులేనివాళ్లు ఎలా వాడతారని అప్పట్లో మాకే అనుమానం. ఇప్పుడు నా పనిలో సగం దాని మీదే నడుస్తుంది.

బ్రాడ్‌ఫర్డ్ నుంచి లీడ్స్‌కి రైల్లో 20 నిమిషాలు. ఇన్‌బాక్స్ శుభ్రం చేసేది అప్పుడే. వేలు కుడికి జరిపితే తర్వాతి మెయిల్ ఎవరు పంపారో, దేని గురించో చెబుతుంది. మామూలుగా అయితే దాంతోపాటు లోపలి వాక్యాలు కూడా రెండు చదువుతుంది. సెట్టింగ్స్‌లో మెయిల్ ప్రివ్యూని ‘నన్’ అని పెడితే అవి పోతాయి. ఈ చిన్న మార్పుతో మిగిలే టైం ఎంతో చూపున్నవాళ్లకి చెప్పినా అర్థం కాదు. అక్కర్లేని మెయిల్ దగ్గర వేలు పైకో కిందికో జరిపితే ‘డిలీట్’, ‘ఫ్లాగ్’ లాంటివి వినిపిస్తాయి. కావాల్సినదాని దగ్గర రెండుసార్లు తడితే పని అయిపోతుంది. మెయిల్ తెరవక్కర్లేదు. తెరిచినవాటిలో కూడా ‘ఈ సందేశం గోప్యమైనది, పొరపాటున మీకు చేరితే...’ అని మొదలవ్వగానే రెండు వేళ్లతో జెడ్ గీసి వెనక్కి వచ్చేస్తాను.

తెర నాకు అవసరం లేదు కాబట్టి దాన్ని నల్లగా ఉంచుతాను. మూడు వేళ్లతో మూడుసార్లు తడితే చాలు. బ్యాటరీ మాట అలా ఉంచితే, అద్దెకున్నవాళ్ల సంగతులు పక్క సీటువాళ్ల కంట్లో పడకూడదు కదా. ఒక పెద్దాయన పాపం నా ఫోన్ ఆఫ్ అయిపోయిందని చెప్పారు. ఆన్‌లోనే ఉందండీ, మెయిల్స్ చూసుకుంటున్నానన్నాను. లీడ్స్ వచ్చేదాకా ఆయన మళ్లీ మాట్లాడలేదు.

జవాబులు నోటితో చెప్పి టైప్ చేయించొచ్చు, కానీ రైల్లో ఒకరి ఇంటి నంబరు పైకి చెప్పడం కుదరదు. పైగా నా ఉచ్చారణకి ఆ డిక్టేషన్ రాసిపెట్టేది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. దీనికి బ్రెయిల్ స్క్రీన్ ఇన్‌పుట్ ఉంది, 2014లో ఐఓఎస్ 8తో వచ్చింది. ఫోన్‌ని అడ్డంగా, తెర అవతలివైపు ఉండేలా పట్టుకుని ఆరు వేళ్లతో చుక్కలు నొక్కుతాను. చప్పుడుండదు, వేగంగా పోతుంది. చిన్నప్పుడు స్లేటూ స్టైలస్‌తో అట్ట మీద పొడిచి నేర్చుకున్న చుక్కలే ఇవి.

ఆఫీసులో నా బల్ల మీద 40 సెల్స్, అంటే అక్షరాల గళ్లు, ఉన్న బ్రెయిల్ డిస్‌ప్లే ఉంది. ఒక్కో సెల్‌లో ఎనిమిది చిన్న పిన్నులు లేస్తూ పడుతూ వరుసని వేళ్ల కింద పెడతాయి. ఇలాంటివి వేల పౌండ్లు. ‘యాక్సెస్ టు వర్క్’ అని 1994 నుంచి ఇక్కడొక ప్రభుత్వ పథకం ఉంది, నాకు డిస్‌ప్లే దాని ద్వారానే వచ్చింది. చెవికి దొరకనివి వేళ్లకి దొరుకుతాయి. ఫాస్ట్‌గా చదివేటప్పుడు ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా ఉంటాయి. క్యాథరిన్ అనే పేరుకి ఎన్ని స్పెల్లింగులో. ఫ్లాట్ నంబరు తేడా వస్తే ప్లంబర్ వేరే ఇంటి తలుపు కొడతాడు. అందుకే పేర్లు, నంబర్లు, పోస్ట్‌కోడ్లు ఎప్పుడూ వేళ్లతోనే చూసుకుంటాను.

మా పనిలో మెయిల్ ఆలస్యం చిన్న విషయం కాదు. రాచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు ఇంట్లో బూజు వల్ల చనిపోయాడు. తల్లిదండ్రులు సూడాన్ నుంచి వచ్చినవాళ్లు, చాలాసార్లు మొరపెట్టుకున్నారు. ఆ బాబు పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. ప్రాణాపాయం ఉన్న సమస్యకి 24 గంటల్లో కదలాలి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే పది పనిదినాల్లో పరిశీలించాలి.

అలాంటి మెయిల్ ఒక్కోసారి ఇలా వస్తుంది: ‘ఫొటో చూడండి, మీకే అర్థమవుతుంది.’ కింద నాలుగు ఫొటోలు. స్క్రీన్ రీడర్ ‘ఇమేజ్, ఇమేజ్’ అని ఊరుకుంటుంది. 2015లో డెన్మార్క్‌లో మొదలైన ‘బీ మై ఐస్’ లాంటివి ఉన్నాయి, వాలంటీర్లు వీడియోలో చూసి చెబుతారు. సొంత పనులకి నేనూ వాడతాను. కానీ ఒకరి పడకగది ఫొటో బయటివాళ్లకి చూపించే హక్కు నాకు లేదు. అందుకని వెంటనే తిరిగి రాస్తాను: ఏ గది, బయటి గోడా లోపలి గోడా, కిటికీకి ఎంత దూరం, మచ్చ అరచేయంతా తలుపంతా, ముట్టుకుంటే తడి తగులుతోందా, పిల్లలున్నారా. జవాబులు ఫొటోల కన్నా పనికొస్తాయి. ఫొటోలో తడి తెలియదు. గోడ వెనక బాత్రూం ఉందని ఫొటో చెప్పదు. మా రిపేరు టీమ్ ఇప్పుడు మిగతావాళ్ల ఫైళ్లలో కూడా ఇవే వివరాలు అడుగుతోంది. పని పెరిగిందని పక్క సీట్లో అమ్మాయి నన్ను తిట్టుకుంటూ ఉంటుంది.

చేజారినవీ ఉన్నాయి. మా సీనియర్ ఒకాయన ఇచ్చిన పాత బ్రెయిల్ నోట్‌టేకర్ నా దగ్గర ఉండేది. తెరే లేని యంత్రం, కీబోర్డు, బ్రెయిల్ వరుస, అంతే. మెయిల్స్ దించుకుని నెట్ లేకపోయినా చదువుకునేవాణ్ణి. 2022లో పెద్ద మెయిల్ సంస్థలు వరసగా పాత పాస్‌వర్డ్ పద్ధతి ఆపేసి బ్రౌజర్ ద్వారా లాగిన్ అవమన్నాయి. భద్రతకి అది మంచిదే, కాదనను. కానీ అంత పాత యంత్రాలకి ఆ కొత్త లాగిన్ చేతకాదు. నిక్షేపంలా పనిచేసే వస్తువు ఒక్క రోజులో మూలన పడింది.

ఇంటి మెయిల్స్ కథ వేరు. మా పెదనాన్న రిటైర్డ్ టీచరు. వాట్సాప్ అంటే పడదు. పద్ధతిగా మెయిల్ రాస్తారు, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో. బ్రిటిష్ గొంతు దాన్ని చదువుతుంటే అది ఏ దేశం భాషో దేవుడికే తెలియాలి. తెలుగు లిపిలో రాస్తే ఫోన్ తనంతట తనే తెలుగు గొంతుకి మారుతుంది. ఆ మాటే చెప్పాను.

“ఈ వయసులో నాకెందుకురా ఆ కీబోర్డు? నీ మిషన్‌కే మన భాష నేర్పించు” అన్నారు.

చివరికి డిస్‌ప్లేలో ఇంగ్లీషు మాటల్ని కుదించి చూపే పొట్టి బ్రెయిల్ తీసేసి, అక్షరం అక్షరం వచ్చేలా పెట్టుకున్నాను. అలా వేళ్లతో చదివితే ఆయన రాసిన తెలుగు తెలుగులాగే ఉంది, కొబ్బరి ధరలూ కాలవ పూడికా అన్నీ అర్థమవుతున్నాయి. తెలుగు కీబోర్డు సంగతి మా తమ్ముడికి అప్పగించాను. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆయన ఫోన్‌లో పెట్టి వస్తానన్నాడు.