తడి సోకకూడని పొడి

మా ప్లాంటులో కొత్తగా చేరినవాళ్ళు బాయిలర్ పక్కన ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తారు. పాతవాళ్ళకు మాత్రం ఆకాశం మబ్బు పట్టిందంటే కాలు నిలవదు. గోదాములో వరుసలుగా పేర్చిన డ్రమ్ములే అందుకు కారణం. వాటి నిండా నిర్జల (నీటి అంశం ఏమాత్రం లేని) అల్యూమినియం క్లోరైడ్ పొడి ఉంటుంది. రెజిన్లు తయారుచేసే ఈ కర్మాగారంలో ఆపరేటరు ఉద్యోగం కోసం నేను దేశం దాటి వచ్చాను. ఆ పొడిని రియాక్టరులోకి ఎక్కించడం మా షిఫ్టు పని. వాన పడుతుంటే సరుకు దించుకోం. లారీ డ్రైవరు ఎంత విసుక్కున్నా సరే, గోదాము తలుపు తెరవం.

పొడి చూడటానికి అమాయకంగానే ఉంటుంది. స్వచ్ఛమైనదైతే తెల్లగా, కొద్దిగా ఇనుము కలిస్తే లేత పసుపుగా కనిపిస్తుంది. మాకు వచ్చే సరుకు ఎప్పుడూ పసుపే. నిప్పు అంటుకోదు. మామూలు పీడనంలో వేడి చేస్తే 180 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కరగకుండానే నేరుగా ఆవిరైపోతుంది. దానికి పడనిదల్లా నీరు. నీళ్ళు తగిలాయంటే సలసల కాగి చిమ్ముతుంది, ఘాటైన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెళ్ళగక్కుతుంది. కిలో పొడి నీటితో చివరిదాకా చర్య జరిపితే లెక్క ప్రకారం సుమారు 820 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద అది 500 లీటర్లకు పైమాటే. నీళ్ళు పోయాల్సిన పని కూడా లేదు, గాలిలో ఉన్న తేమే చాలు. డ్రమ్ము మూత తీయగానే తెల్లగా లేచే పొగ అలా వచ్చిందే. ఆ వాయువు గాలిలోని చెమ్మను పట్టుకుని సన్నటి ఆమ్ల బిందువులుగా మారి తేలుతుంది. పొగ కనిపించింది కదా అని అలవాటు కొద్దీ నీళ్ళ పైపు అందుకున్నవాడికి ఇక్కడ చేటు తప్పదు. అది ఒలికితే తడిలేని ఇసుక కప్పి, తడిలేని పారతో ఎత్తాలి.

అసలు చిక్కు మన ఒంటితోనే. కళ్ళు, ముక్కు, గొంతు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. పైనుంచి కింది దాకా రక్షణ సూటు వేసుకుని అరగంట పని చేస్తే మెడ చుట్టూ, మణికట్ల దగ్గర చెమట ధారలు కడుతుంది. చేతి తొడుగు అంచుకూ సూటు చేతికీ మధ్య వేలెడు సందు ఉంటే పొడి అక్కడికే చేరుతుంది. మొదట దురద, ఆ వెంటనే మంట, తర్వాత పుండు. అందుకే ఆ సందును టేపుతో బిగించి చుట్టనిదే మేం ఎవరినీ లోపలికి పంపం. ఒంటి మీద పడితే పొడిగా ఉన్నదాన్ని ముందు పొడిగుడ్డతో దులిపేయాలి. ఆ తర్వాత షవరు కింద నిలబడి కనీసం 15 నిమిషాలు ధారగా కడుక్కోవాలి. కంగారులో దోసెడు నీళ్ళు చల్లుకోవడం అన్నిటికన్నా చెడ్డది, వేడీ ఆమ్లమూ రెండూ చర్మం మీదే పుడతాయి. కంట్లో పడితే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా నీళ్ళధార కిందికి పరిగెత్తాల్సిందే.

వాయువు పీల్చకుండా మేం వేసుకునే ముసుగు గడ్డం ఉన్నవాడి ముఖానికి అతకదు. పక్కల నుంచి గాలి లోపలికి వస్తుంది. దీని మీద మా దగ్గర జరిగినన్ని వాదనలు జీతాల మీద కూడా జరగలేదు. హైడ్రోజన్ క్లోరైడ్ పది లక్షల భాగాల గాలిలో 5 భాగాలను ఏ క్షణమూ దాటకూడదని అమెరికా పని భద్రతా ప్రమాణం చెబుతుంది. 50 భాగాలకు చేరితే ప్రాణాపాయమని హెచ్చరిస్తుంది. 'వాసన వస్తే తెలుస్తుందిలే' అనే పెద్దమనుషులు ప్రతి షిఫ్టులోనూ ఉంటారు. వాసన తెలిసిందంటే అప్పటికే పీల్చినట్లు.

ఇంత తంటా పడి దీన్ని వాడటం ఎందుకంటే, ఇది చేసే పని అలాంటిది. 1877లో ఫ్రాన్సుకు చెందిన షార్ల్ ఫ్రీడెల్, అమెరికాకు చెందిన జేమ్స్ క్రాఫ్ట్స్ దీని సాయంతో బెంజీన్ వలయానికి కొత్త కర్బన శృంఖలాలను తగిలించి చూపారు. ఆ చర్యలు ఇప్పటికీ వాళ్ళిద్దరి పేర్లతోనే నడుస్తున్నాయి. రంగుల ముడిసరుకులు, పాలిస్టైరీన్‌కు మూలమైన ఇథైల్ బెంజీన్, ఐబుప్రోఫెన్ మాత్ర మొదటి తయారీ పద్ధతి, మా రెజిన్లు అన్నీ ఈ దారిలో వచ్చినవే. అంతకన్నా ముందటి ముచ్చట ఇంకొకటుంది. 1825లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఎర్స్టెడ్ అల్యూమినియం లోహాన్ని తొలిసారి బయటికి తీసింది ఈ క్లోరైడ్ నుంచే. ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. కరిగిన అల్యూమినియంలోకి క్లోరిన్ పంపి ఈ క్లోరైడునే తయారు చేస్తున్నారు.

తడిసిన సరుకును ఎండబెట్టి మళ్ళీ వాడదామన్న ఆలోచన ఏ ఏడాదికా ఏడాది ఎవరో ఒకరికి తడుతుంది. కుదరదు. నీటితో కలిసిన దాన్ని వేడి చేస్తే హైడ్రోజన్ క్లోరైడ్ ఎగిరిపోయి చివరకు అల్యూమినా మిగులుతుంది. ఉత్ప్రేరకంగా అది ఎందుకూ కొరగాదు.

ఇక డ్రమ్ముల సంగతి. ఒకసారి గోదాము మూలన ఎప్పటిదో ఒక డ్రమ్ము కనిపించింది. మూత పూరీలా పొంగి ఉంది. సరుకు నింపేటప్పుడు లోపలికి చేరిన కాస్త తేమ నెమ్మదిగా పని చేసుకుంటూ పోతే వాయువు పోగుపడి ఇలా ఒత్తిడి పెంచుతుంది. కొత్తగా వచ్చిన కుర్రాడు గడ్డపార తెచ్చి మూత లేపబోయాడు. షిఫ్ట్ ఇన్‌చార్జి కేక వేసి అందరినీ బయటికి పంపేశాడు. గాలి సరఫరా ముసుగులు వేసుకున్న ఇద్దరు వచ్చి డ్రమ్మును ఆరుబయటకు జరిపారు. ఒక పక్కగా నిలబడి బిరడాను మరకు మర వదులు చేశారు. బుస్సుమని తెల్లటి పొగ చాలాసేపు వచ్చింది. ఆ మూత ఒక్కసారిగా ఊడి ఉంటే ఎదురుగా ఉన్నవాడి ముఖం మీదికే వచ్చేది.

ఖాళీ డ్రమ్ములు ఇంకా పెద్ద బెడద. వాటిని కడగడం, ఫిల్టర్లు గోకడం, స్క్రబ్బర్ (బయటికి పోయే వాయువును కడిగే తొట్టి) అడుగున చేరిన బురద తీయడం లాంటి పనులన్నీ ఏజెన్సీ ద్వారా వచ్చిన కొత్తవాళ్ళకే పడతాయి. వాళ్ళకు శిక్షణంటే తమకు రాని భాషలో ఒక వీడియో, దాని కింద ఒక సంతకం. ఒక తెలుగు కుర్రాడు ఆ పని మీదే నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఖాళీవే కదా, పైపు పెట్టి కడిగేయమన్నారు."

"ఆగు తమ్ముడూ. ముసుగు వేసుకుని మూత తీసి చూడు, అడుగున ఎంత అంటుకుని ఉందో."

పిడికెడు ఉంది. నిండా నీళ్ళున్న తొట్టిలోకి, పైన పొగను లాగేసే గొట్టం నడుస్తుండగా, దాన్ని కొద్దికొద్దిగా వదలాలి. అది నీళ్ళలోకి వెళ్ళాలి కానీ నీళ్ళు దాని మీదికి రాకూడదు. రియాక్టరులో పని అయ్యాక లోపలి సరుకును చల్లార్చే పద్ధతి కూడా ఇదే. ఆ మాట వీడియోలో ఉందో లేదో వాడికి తెలియదు.

నేను వాడికి ముందుగా నేర్పింది డ్రమ్ము మీది గుర్తు. నలుపు తెలుపు పలకలో చెయ్యీ లోహమూ హరించుకుపోతున్న బొమ్మ, కింద తాకినదాన్ని తినేసే పదార్థాల తరగతిని చెప్పే 8, పక్కన 1726 అన్న ఐక్యరాజ్యసమితి నంబరు. ఏ దేశంలో దిగినా నిర్జల అల్యూమినియం క్లోరైడుకు ఆ నంబరే ఉంటుంది. ద్రావణమైతే 2581. భాష రాని చోట కార్మికుడికి ఇంతకన్నా నమ్మకమైన సమాచారం నాకు కనపడలేదు.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు కంపెనీ వైద్యపరీక్షలు చేయిస్తుంది. ఊపిరితిత్తుల పరీక్షతోపాటు పళ్ళు కూడా చూపించుకోవాలి. ఆమ్లపు ఆవిరి ఏళ్ళ తరబడి తగిలితే ముందు పళ్ళ ఎనామిల్ అరిగిపోతుంది. చాలామంది ఆ కాగితాలను కంపెనీ ఫైల్లోనే వదిలేసి, కాంట్రాక్టు ముగియగానే విమానం ఎక్కేస్తారు. తర్వాత దగ్గు మొదలైతే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. పరీక్ష జరిగిన రోజునే నకలు అడిగి తీసుకోవాలి, ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచుకోవాలి. చేరిన కొత్తలో చేసిన పరీక్ష కాగితం ఇంకా ముఖ్యం. దానితో పోల్చి చూస్తే తప్ప తర్వాతి తేడా ఎవరూ ఒప్పుకోరు.